కృత్తివెన్ను ఐస్ ఫ్యాక్టరీ ఆయన

ఆయన ప్రతి కాగితాన్నీ అక్షరాల కింద వేలు పెట్టి చదివేవారు. పూర్తయ్యాక తలెత్తి, "ఈ పని బందరులో అవదాండీ?" అని అడిగేవారు. కంపెనీ కేసులు చూసే ప్లీడరుగా నేను ప్రతిసారీ అవదనే చెప్పేవాణ్ణి.

కృత్తివెన్నులో ఆయనకు చిన్న ఐస్ ఫ్యాక్టరీ ఉండేది. తెగులు వచ్చి రొయ్యల చెరువులు ఎండగట్టడంతో ఐసు కొనేవాళ్లు లేకపోయారు. బ్యాంకు ఫ్యాక్టరీని వేలం వేయకుండా, కోలుకోవడానికి ఏడాది గడువు ఇప్పించమని హైదరాబాదు ట్రిబ్యునల్‌కు వెళ్లాం. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి.

చిన్న కంపెనీలకు కోర్టు ఖర్చు తగ్గేలా చట్టం మారుస్తామని, సలహాలు పంపమని ప్రభుత్వం అడిగింది అప్పుడే. ఆయన చెబుతుంటే నేను రాశాను.

"మాకు మాఫీ వద్దండీ. మా గోడు వినే మనిషి దగ్గరలో ఉంటే చాలు."

తర్వాతి వాయిదాకు ఫీజు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎలా సర్దారని అడిగాను.

"కంప్రెసర్ అమ్మేశానండీ."

నీళ్లను గడ్డకట్టించే యంత్రం అది. అది లేకపోతే ఫ్యాక్టరీయే లేదు. ఆ సంగతి తెలిసీ నేను ఫీజు తీసుకున్నాను. విచారణకు వచ్చేసరికి కాపాడటానికి ఏమీ మిగల్లేదు.

కొన్నేళ్లకు చట్టం మారింది. సిగ్గుపడుతూనే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిదండీ. ఇప్పుడు పక్కూరి ఐస్ ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేస్తున్నాను. మా ఓనరు గారికీ ఇబ్బందిగానే ఉంది. మిషన్లు ఇంకా అమ్ముకోలేదు. రేపు పొద్దున్నే ఆయన్ని తీసుకొస్తాను, ఉంటారా?"