చెయ్యి బాగయ్యాక

"మీ కెప్టెన్ గారు పోయేరండీ" అంది ఫోన్లో వాళ్లావిడ. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు తిరగేస్తూ, ఉన్నట్టుండి తల వాల్చేశాడట. నాకు ఒక పట్టాన నమ్మకం కలగలేదు. మా కెప్టెన్ ఏ పనీ అంత చప్పుడు లేకుండా చేసిన మనిషి కాదు.

డెబ్భైల చివర్లో అమలాపురంలో మా కాలేజీ వాలీబాల్ జట్టుకి అతను కెప్టెన్, సెంటర్ బ్లాకర్. నేను లిఫ్టర్ని, అంటే షూటర్లు కొట్టడానికి బంతి ఎత్తి ఇచ్చేవాణ్ణి. నాకంటే రెండేళ్లు పెద్ద. ఇప్పుడు పోయాడు కదా అని 'ఆయన', 'వారు' అని రాస్తే లేచి వచ్చి మొట్టికాయ వేస్తాడు. అందుకని అతను అనే రాస్తాను.

చూసేవాళ్ల చప్పట్లన్నీ షూటర్‌కే. నెట్టు మధ్యలో నిలబడి, అవతలివాడి దెబ్బని గాల్లోనే ఆపేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. మా కెప్టెన్ని మాత్రం పట్టించుకోక తప్పేది కాదు. అతను ఎగిరి చేతులు అడ్డుపెడితే బంతి తిరిగి కొట్టినవాడి మొహమ్మీదికే వెళ్లేది. ముక్కులు పగిలేవి, పెదవులు చిట్లేవి. ఒకసారి కొత్తపేట జట్టు షూటర్‌కి పన్ను ఊడి ఇసకలో పడితే, ఆట ఆపించి, తనే వంగి వెతికి, కడిగి వాడి చేతిలో పెట్టాడు. తరవాతి బంతి మళ్లీ వాడి మొహానికే తగిలింది.

చేతులు గట్టిపడాలని రోజూ కాలేజీ గోడకేసి అరచేతులు బాదుకునేవాడు. వాళ్లమ్మ తిడుతూ కొబ్బరినూనె రాసేది. "బంతిని చూడకు, కొట్టేవాడి భుజం చూడు. బంతి ఎటెళ్లాలో భుజానికి ముందే తెలుస్తాది" అని కొత్త కుర్రాళ్లకి చెప్పేవాడు. నేను బంతి సరిగ్గా ఎత్తకపోతే నా వీపు మోగేది. అలాగని జట్టులో ఇంకెవరైనా నన్ను ఒక్క మాటంటే ఊరుకునేవాడు కాదు.

ఆ ఏడు అతనికి యూనివర్సిటీ జట్టు సెలక్షన్‌కి పిలుపొచ్చింది. అందులో ఆడితే ఉద్యోగం ఖాయమని అందరూ అన్నారు. వాళ్ల నాన్న కొబ్బరి దింపుకెళ్లి చెట్టు మీంచి పడి మంచాన ఉన్నాడు. ఆ ఇంటికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో మా అందరికీ తెలుసు.

సెలక్షన్‌కి ముందు వారం, రాజోలు వైపు ఒక ఊళ్లో టోర్నమెంటు ఫైనల్ ఆడడానికి వెళ్లాం. అప్పటికి వైనతేయ గోదావరి మీద వంతెన లేదు. బోడసకుర్రు రేవులో పంటు ఎక్కి ఏరు దాటాలి. దీపాలవేళకి ఆఖరి పంటు. అవతలివాళ్ల ఎత్తంతా అక్కడే ఉంది. మధ్యాహ్నం మొదలవ్వాల్సిన ఆటని పెద్దలు రాలేదని, నెట్టు చిరిగిందని, అంపైరు గారు ఇంకా భోంచేస్తున్నారని పొద్దువాలేదాకా లాగారు. పంటు వెళ్లిపోయాక బయటి జట్టు ఎక్కడికి పోతుంది? బుద్ధిగా ఓడిపోతే స్కూల్లో పడకలేసి కోడికూరతో భోజనం పెడతారు. గెలిస్తే కొబ్బరిమట్టలు అందుకుంటారు. ఈ సంగతి ఏటికి రెండువైపులా అందరికీ తెలుసు. అందుకే వచ్చిన జట్లన్నీ బుద్ధిగానే ఓడిపోయేవి.

ఆఖరి గేములో ఉండగా, పంటు వెళ్లిపోయిందని ఎవరో మాకు వినబడేలా అరిచారు.

"ఓడిపోదాం గురూ. వచ్చేవారం నీకు సెలక్షన్" అన్నాను.

"ఆకలేస్తందేటి? కోడికూర నేను తినిపిస్తాలే. ముందు బంతి సరిగ్గా ఎత్తు" అన్నాడు.

వాళ్ల షూటర్ పొట్టివాడు, మంచి బలశాలి. ఆ చివర్లో వాడు కొట్టిన ప్రతి బంతినీ మా కెప్టెన్ తిప్పికొట్టాడు. ఆఖరి బంతికి వాడి ముక్కు విరిగి చొక్కా అంతా రక్తమైంది. గెలిచాం. తరవాత మట్టలు లేచాయి.

కాలవగట్టు వెంబడి పరిగెట్టాం. వీపుల మీద, పిక్కల మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. రేవులో చేపలవాళ్ల నావ ఒకటి దొరికింది. మా కెప్టెన్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కణ్ణి మెడపట్టి లోపలికి తోశాడు. నేను ఎక్కుతుండగా ఆ షూటర్ గెడకర్రతో నా తల మీదికి వచ్చాడు. నాకు వాడు కనబడనే లేదు. మా కెప్టెన్ కుడిచెయ్యి అడ్డుపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నావలో అందరికీ వినబడింది. ఎడంచేత్తో వాణ్ణి గుద్ది నీళ్లలో పడేసి, తనూ పడ్డాడు. మా కెప్టెన్ని జుట్టు పట్టుకుని నావలోకి లాక్కున్నాం.

సెలక్షన్ లేదు, ఉద్యోగం లేదు. కట్టు విప్పాక కూడా ఉంగరపు వేలు, చిటికెన వేలు మడత పడలేదు. బాధపడలేదని రాస్తే అబద్ధం. యూనివర్సిటీ జట్టు ఫొటో పేపర్లో వచ్చిన రోజు అన్నం కంచం గోడకేసి కొట్టాడు. అయినా సాయంత్రానికి గ్రౌండులో ఉన్నాడు. తన చోట నిలబెట్టిన కుర్రాడికి గీత బయటినుంచి భుజాలు చూడడం నేర్పుతూ, తప్పు చేసినప్పుడల్లా గులకరాళ్లు విసిరేవాడు.

మరుసటేడు ఆ జట్టే మా గ్రౌండుకి ఆడడానికి వచ్చింది. మేం మట్టలు ముందే నరికి కాలేజీ వెనక దాచాం. అందుకు నాకిప్పటికీ సిగ్గేమీ లేదు. ఆట అవగానే ఆ వంకరముక్కు షూటర్ని చుట్టుముట్టాం. అందరికంటే ముందు నేనే మట్ట ఎత్తాను. ఎక్కణ్ణుంచి వచ్చాడో మా కెప్టెన్, ఎడంచేత్తో నా చెంప పగలగొట్టాడు.

"వీడు కొట్టింది నన్ను. వీణ్ణి నేనే కొట్టాలి. చెయ్యి బాగయ్యేక కొడతాను. అందాకా వీణ్ణి ముట్టుకున్నోడి కాళ్లిరగ్గొడతాను" అన్నాడు. తరవాత వాడివైపు తిరిగి, "ఏరా, ఉంటావా అప్పటిదాకా?" అన్నాడు.

"ఆయ్, ఉంటానండీ" అన్నాడు వాడు.

ఆ జట్టుని వెంటబెట్టుకుని, దారి పొడవునా వాళ్లని బూతులు తిడుతూ, బోడసకుర్రు రేవులో పంటు ఎక్కించి వచ్చాడు.

తరవాత రామచంద్రపురంలో ధాన్యం కొట్లో గుమాస్తాగా చేరాడు. ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాడు. పని మీద అటు వచ్చినప్పుడల్లా ఆ షూటర్ కొట్టు గుమ్మంలో నిలబడి, "చెయ్యి బాగయ్యిందాండీ?" అని అడిగేవాడు. మా కెప్టెన్ పిడికిలి బిగించి చూపించేవాడు. రెండు వేళ్లూ నిటారుగా నిలబడేవి. "ఇంకా లేదురా. పద, టీ తాగుదాం" అనేవాడు.

ఒకసారి బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ షూటర్ నాతో, "ఒక్క దెబ్బ ఏసేస్తే బాగుండునండీ. నాకు తెరిపిగా ఉంటాది" అన్నాడు. ఆ మాటే కెప్టెన్‌కి చెప్పి, ఎడంచేత్తో అయినా కొట్టి పడెయ్యమన్నాను.

"కొట్టేస్తే మళ్లీ రాడు కదరా" అన్నాడు.

మొన్న నేను రామచంద్రపురం చేరేసరికి అతన్ని వరండాలో పడుకోబెట్టారు. ఆ షూటర్ నాకంటే ముందే వచ్చి, పక్కన నేల మీద కూర్చున్నాడు. తల పూర్తిగా నెరిసిపోయింది. గుడ్డ కిందనుంచి కెప్టెన్ కుడిచెయ్యి పైకి తీసి, ఆ రెండు వేళ్లనీ మడవబోయాడు. అవి మడత పడలేదు. అప్పుడు ఆ చేత్తోనే తన చెంప మీద కొట్టుకున్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. దెబ్బ మెత్తగానే తగిలింది. ఆ చేతిని అలాగే చెంపకి ఆనించుకుని, లేవమని ఎవరెంత చెప్పినా వదలకుండా కూర్చున్నాడు.