తల ఎవరిది?

ఆ వీధిలో ఆయన్ని అందరూ 'నీ ఇష్టం' గారనే పిలుస్తారు. అసలు పేరు కట్టుకున్నావిడకైనా గుర్తుందో లేదో! ఆయనకో చిన్న సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, ఎదురుగా పెద్ద అద్దం, గోడవారగా ఓ బల్ల, మూలన పొయ్యి మీద కత్తులు మరిగే గిన్నె. ఎవరొచ్చి కూర్చున్నా మెడ చుట్టూ గుడ్డ కట్టి, "ఎలా కావాలి?" అని అడుగుతాడు. "మీకు తెలీనిదేముంది, ఎప్పటిలాగే" అంటే కుదరదు. "పోయినసారి సంగతి పోయినసారిది. ఇవాళేం కావాలో చెప్పండి" అంటాడు. తల గల మనిషి నోరు విప్పి చెప్పేదాకా ఆయన కత్తెర కదలదు.

పిల్లల దగ్గరా అదే పద్ధతి. ఒకసారి ఓ బ్యాంకు గుమాస్తా ఐదేళ్ళ కొడుకుని కుర్చీలో కూర్చోబెట్టి, "బాగా పొట్టిగా కొట్టేయండి" అని పురమాయించి, పక్క కొట్లోకి వెళ్ళాడు. ఈయన ఆ మాట చెవిన పెడితేనా! వంగి, "నీకెలా కావాలి నాన్నా?" అన్నాడు. వాడు తీరిగ్గా ఆలోచించి, "ఈ పక్కంతా తీసెయ్, ఆ పక్కంతా ఉంచెయ్" అన్నాడు. ఎందుకైనా మంచిదని మళ్ళీ అడిగాడు. వాడు మళ్ళీ అదే చెప్పాడు. ఇంకేముంది, చెప్పింది చెప్పినట్టు కానిచ్చేశాడు. తండ్రి తిరిగొచ్చి లబోదిబోమన్నాడు.

"చిన్నపిల్లాడండీ! వాడికేం తెలుసు?"

"తల వాడిదేగదండీ" అన్నాడు ఈయన, చాలా మర్యాదగా.

పిల్లాడు మాత్రం అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. ఆ గుమాస్తా చాలాకాలం ఈ వీధి మొహం చూడలేదు.

ఈ 'తల ఎవరిది' అన్న ముక్క మీదే నీ ఇష్టం గారి రాజకీయమంతా నడుస్తుంది. హెల్మెట్ పెట్టుకోమనడానికి ప్రభుత్వమెవరు? షాపు ఎన్నింటికి మూయాలో చెప్పడానికి ఎవరు? జుట్టు కత్తిరించడానికి లైసెన్సు కావాలట, విన్నారా! జుట్టున్నవాడు కుర్చీలో కూర్చుని ఒప్పుకున్నాక మధ్యలో మూడోవాడి సంతకమెందుకు? అందుకే ఆయన ఇంతవరకూ లైసెన్సు ముట్టుకోలేదు. బల్ల మీద పేపరు చదువుకునే రిటైరైన లెక్కల మాస్టారుతో రోజూ ఇదే వాదన.

"మరి రోడ్డెవరు వేశారయ్యా?" అంటాడు మాస్టారు.

"వాళ్ళే వేశారు. గుంటలు పెట్టిందీ వాళ్ళేగా!"

"నీ తల పగిలితే కుట్టేది ప్రభుత్వాసుపత్రిలోనే కదా?"

"నా ఫోనే నయం మాస్టారూ. ఏం చెయ్యాలన్నా అనుమతిస్తారా అని అడుగుతుంది. వీళ్ళు అదీ అడగరు."

"అది అడిగి మరీ నీ కొంప దోచుకుంటోంది, ఆ సంగతి చూసుకో!"

షాపంతా నవ్వులే నవ్వులు. కానీ ఆయన మంట ఉత్తి మాటల మంట కాదు. పాత మున్సిపల్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఉండేవాడు. వస్తూనే గుమ్మంలో వాళ్ళని తోసుకుని, ఖాళీ కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చుని, "ఎలా కావాలి?" అని అడిగేలోపే గడ్డం ముందుకు చాపేవాడు. ఊరికే గీయించుకు పోయినందుకు కాదు, అడగకుండా లోపలికొచ్చినందుకు ఈయనకి ఒళ్ళు మండిపోయేది.

ఆయనకి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లనీ ఇలాగే పెంచాడు. "అన్నం తినను" అంటే "నీ ఇష్టం." "లెక్కలొద్దు, బొమ్మలేస్తా" అంటే "నీ ఇష్టం." మళ్ళీ "బొమ్మలొద్దు, సైన్సు చదువుతా" అన్నా అదే. తల్లి తల పట్టుకునేది. "ఒక్కసారైనా వద్దని చెప్పండి. తండ్రి ఉన్నాడని దానికి తెలుస్తుంది!" అనేది.

ఆ ఒక్కసారీ రానే వచ్చింది. కూతురి చదువు పూర్తయ్యాక ఓ ఆదివారం, షాపు కిటకిటలాడుతున్నప్పుడు, ఆ పిల్ల వచ్చి వరసలో కూర్చుంది. తన వంతు రాగానే కుర్చీ ఎక్కి, నడుము దాటిన జడని ముందుకు వేసుకుంది.

"ఎలా కావాలమ్మా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"మెడ దాకా తీసెయ్ నాన్నా. హెల్మెట్‌లో పట్టడం లేదు."

"హెల్మెట్టా?"

"రేపట్నుంచి మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగం. షాపులు తిరిగి శుభ్రం చూడాలి. ఇన్‌స్పెక్టర్‌ని."

కత్తెర గాల్లో ఆగిపోయింది. చిన్నప్పుడు బడికెళ్ళే ముందు తన చేత్తో అల్లిన జడ అది. దాన్ని చూశాడు, అద్దంలో పిల్ల మొహం చూశాడు.

"వద్దు" అన్నాడు.

షాపు మొత్తం నోరు తెరిచింది. మాస్టారి చేతిలో పేపరు జారింది. ఆ కుర్చీ దగ్గర ఆ మాట ఎవరూ ఎన్నడూ విని ఎరగరు!

"తల ఎవరిది నాన్నా?" అంది కూతురు మెల్లగా.

"నీదే. ఆ ఉద్యోగం మాత్రం... చెప్పకుండా జనం గుమ్మాలు తొక్కే పని నీకెందుకే?"

"పక్క వీధిలో తుప్పు కత్తితో గీస్తే ఓ ముసలాయన చెంప చీము పట్టింది. గడ్డం ఆయనదే. కత్తి ఆయనది కాదుగా?"

ఆయన దువ్వెన అందుకున్నాడు. జడ పట్టుకుని మెడ దాకా కత్తిరించాడు. ఇంత కుదురుగా ఎప్పుడూ కత్తిరించలేదని మాస్టారు తర్వాత చెప్పాడు. జడ మాత్రం కింద పడనివ్వలేదు. కాగితంలో చుట్టి సొరుగులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచీ ఆయన ఇంట్లో మూతి ముడుచుకు కూర్చున్నాడు. కూతురు పలకరిస్తే గోడకేసి చూడటం, లేకపోతే నిద్ర నటించడం. నాలుగు రోజులు ఓపిక పట్టి, ఆ పిల్ల ఆఫీసు దగ్గర హాస్టల్లో గది చూసుకుని సామాను సర్దుకుంది. "మాట్లాడని ఇంట్లో ఉండలేను నాన్నా. వెళ్ళనా?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాడు. వెళ్ళిపోయింది. "ఇప్పుడు చల్లగా ఉందా కడుపులో?" అని భార్య కంచం ఠపీమని పెట్టింది. చల్లగా ఏముంటుంది, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. రమ్మందామంటే, రమ్మనడం కూడా బలవంతమే కదా అని ఆయన బాధ. ఇలాంటి తిక్క లెక్క ఆయనకే చెల్లు!

తర్వాతి వారం ఆయన ఒకాయనకి ఓ చెంప గీసి, రెండో చెంపకి నురగ పెడుతుండగా, గుమ్మం బయట స్కూటర్ ఆగింది. హెల్మెట్ తీసి, మెడ దాకా జుట్టు సవరించుకుని, కూతురు గడప అవతలే నిలబడింది.

"మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చానండీ. లోపలికి రావచ్చా?"

ఆయన బ్రష్ పట్టుకునే గుమ్మం వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆఫీసు నుంచి వచ్చి ఆ మాట అడిగిన మొదటి మనిషి. అడిగిందంటే కాదనొచ్చన్నమాట! పాత కచ్చ ఒక్కసారిగా నాలుక చివరికొచ్చింది.

"కుదరదు. రేపు రండి" అన్నాడు.

"సరేనండీ. రేపొచ్చి మళ్ళీ అడుగుతాను" అంది. హెల్మెట్ పెట్టుకుని వెనక్కి తిరిగి స్కూటర్ ఎక్కింది.

నిజంగానే వెళ్ళిపోతోంది! బతిమాలలేదు, బెదిరించలేదు. కాదంటే కాదనే తీసుకుంది, అచ్చం తను నేర్పినట్టే. ఆయన చేతిలో నురగ బ్రష్‌తోనే వీధిలోకి పరుగెత్తాడు.

"అమ్మా! ఆగవే! రా, రా!"

కూతురు స్కూటర్ ఆపింది. "ఎక్కడికి రమ్మంటున్నావు? షాపుకా, ఇంటికా?"

"నీ..." అని నోరు అలవాటుగా మొదలెట్టేసింది. ఆయన నాలుక కరుచుకున్నాడు. వీధంతా చూస్తోంది.

"కాదు. ఈసారి నా ఇష్టం చెబుతా, విను. ఇంటికి రావే. నువ్వు లేకపోతే ఇంట్లో నాకేం బాలేదు. వచ్చేదీ రానిదీ నీ చేతిలో పనే, కానీ నేను మాత్రం అడుగుతున్నా."

హెల్మెట్ లోపల ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవడానికి కాస్త తంటాలు పడింది.

"ఇన్నాళ్ళకి అడిగావు" అంది. "రాత్రికి వస్తానని అమ్మతో చెప్పు. " తర్వాత ఇన్‌స్పెక్టర్ గొంతుతో, "ముందు కత్తులు చూపించండి. లైసెన్సు గురించి తర్వాత మాట్లాడుకుందాం."

"దాని గురించి చాలా మాట్లాడాలి" అన్నాడు నీ ఇష్టం గారు, తల ఎగరేసి.

"మాట్లాడుకుందురుగాని, ముందు నా రెండో చెంప సంగతి చూడండి మహాప్రభో!" అని లోపల్నుంచి కేకేశాడు నురగాయన.