సీనప్ప సముద్రతీర సంసారం

మిట్టేమరి సీనప్పది బావులు తవ్వే వృత్తి. నలభై అడుగులు దిగితే గానీ చెమ్మ కనిపించని ఆ నేలలో అతడు బండ పేల్చడంలో పండితుడు. ఆ పాండిత్యాన్ని గుర్తించింది మాత్రం పటాలం వాళ్లే. యుద్ధం వచ్చిన నాలుగో ఏట బెంగళూరులో చేర్చుకుని, ఓడెక్కించి, చివరకు ఇటలీ దేశంలో దించారు.

అక్కడ డేరాలు వేసింది మధ్యధరా సముద్రపు ఒడ్డున, గుట్టలు నిటారుగా నీళ్లలోకి దిగే చోట. వేసవిలో దొరసానులు గొడుగులు పట్టుకుని స్నానాలకు వచ్చే తావట. సీనప్ప బృందం వేంచేసింది పుష్యమాసంలో. దొరసానులు లేరు, గొడుగులు లేవు. గాలి ఉంది, అది రోజుకు రెండుసార్లు డేరా మేకులు పెరికేది. బండను తొలిచి మళ్లీ మేకులు దించడం సీనప్ప పని. జీవితమంతా నీళ్ల కోసం తవ్విన మనిషికి, ఎదుట అన్ని నీళ్లుండి ఒక్క చెంబెడు తాగడానికి పనికిరాకపోవడం సృష్టిలో లోపంగా తోచింది. అయినా చలికాలమంతా ఫిర్యాదు చేయకుండా గడిపాడు. ఏ భాషలో చేయాలో తెలియలేదు.

మైసూరు రాజ్యపు అంచున ఉన్న మన తాలూకాలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది కన్నడం. సీనప్పకు మొదటిదే వచ్చు. కనుక ఇంటికి ఉత్తరమంటే అతడు తెలుగులో చెప్పాలి, డేరాలోని మైసూరు సిపాయి కన్నడంలో రాయాలి.

"సముద్రం గట్టున డేరాలో కాపురముండాము. ఎనిమిదిమందిమి. చలికి ఆనుకొని పండుకుంటాము" అని చెప్పాడు సీనప్ప.

కాపురమంటే మన వైపు నివాసం. సిపాయి విద్వత్తు చూపి దాన్ని 'సంసార' అని రాశాడు.

మిట్టేమరిలో బడి మేష్ట్రు ఆంజనేయప్ప ఆ ఉత్తరాన్ని సీనప్ప భార్య రామలక్ష్మమ్మకు చదివి, తిరిగి తెలుగు చేశాడు. "సముద్రం గట్టున సంసారం పెట్టినాడమ్మా. మొత్తం ఎనిమిదిమంది. చలికి ఆనుకొని పండుకుంటారంట."

ఊరు లెక్క వేసింది. మనిషి పటాలానికి పోయి రెండేండ్లు కాలేదు. సొంత పిల్లలు అంతమంది కుదరరు. కాబట్టి అతడు కట్టుకున్నది ఆరుగురు బిడ్డలున్న వితంతువును. సాయంత్రానికి ఆమె పేరు తప్ప అన్ని వివరాలూ తేలిపోయాయి.

మూడోనాడు మురుగమల్ల నుంచి రామలక్ష్మమ్మ అన్న మునికృష్ణప్ప బండి కట్టుకుని వచ్చాడు.

"మూట కట్టు. ఇంగ నీకు ఇల్లు యాడుండాది?"

"ఇదే ఉండాది గదన్నా. నువ్వు కూర్చున్నేది దేంట్లో?"

"ఆరుగురు బిడ్లనేసుకొని వాడు దిగితే యాడ పండుకుంటావు?"

"ఆనుకొని పండుకుంటారంట గదా."

మునికృష్ణప్పకు నవ్వు రాలేదు. ఆమెకూ రాలేదు.

"ఒక్క జాబు రాయించనీ. అదే మాటంటే నేనే నడిచొస్తా" అంది.

మేష్ట్రు చేత ఒకటే ప్రశ్న రాయించింది: ఎనిమిదిమందికి వంట ఎవరు చేస్తాండారు? మేష్ట్రు మర్యాదకు యోగక్షేమాలు చేర్చబోయాడు.

"వద్దప్పా. అవి ఆయప్పకు దండిగానే ఉండాయి" అంది.

జవాబుకు రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె పెట్టెలో చీరలు సర్దుతూ, తీస్తూ ఉంది. జవాబు వచ్చిన పూట మునికృష్ణప్ప కూడా అక్కడే ఉన్నాడు. మేష్ట్రు చదివాడు: "వంట వంతులవారీ. ఈ వారం నాది. నా రొట్టెలు తినలేక ఏడుగురూ తిడతాండారు."

"చూసినావా, వండి పెడతాండాడు వాళ్లకి" అన్నాడు మునికృష్ణప్ప.

"ఆడది ఉండే ఇంట్లో ఆయప్ప పొయ్యికాడికి పోడన్నా. ఏడేండ్లు చూసినా. నువ్వు ఎద్దులకు నీళ్లు పెట్టుకొని పోయిరా."

సంసారమనే మాటకు ఇంకో అర్థం కూడా ఉందని మేష్ట్రు అప్పుడు ప్రకటించాడు. అది ఆయనకు మొదటినుంచీ తెలుసట.

నలభై ఆరులో సీనప్ప తిరిగివచ్చాడు. మర్నాడు పొద్దున రామలక్ష్మమ్మ సంగటి కెలికే కట్టె అతని చేతికిచ్చి, "ఈ వారం నీ వంతు" అంది. పటాలంలో క్రమశిక్షణ నేర్చిన మనిషి కనుక సీనప్ప పొయ్యి ముందు కూర్చున్నాడు.