తాత గుండెపోటు

ఆ దర్జీకి యాభై దగ్గరపడుతోంది. తాత, తండ్రి ఆ వయసు దాటకుండానే గుండె ఆగి పోయారని ఇంట్లో చెప్పుకొనేవారు. అందుకే చుట్టాలెవరు కనబడినా, మెడలో టేపు తీయకుండానే, ముత్తాతలు ఎలా పోయారని ఆరా తీసేవాడు. వాళ్లు "యముడి గుమాస్తా వచ్చాడు" అని నవ్వేవారు. అతను మాత్రం గుడ్డ కత్తిరిస్తూ మధ్యలో ఆగి, నాడి చూసుకునేవాడు.

ఒకరోజు మంచం పట్టిన మేనత్తను అడిగాడు.

"మీ నాన్నది గుండెజబ్బేరా. మీ తాత మాత్రం ఇంకొకావిడతో వెళ్లిపోయి ఎనభై దాటి బతికాడు. పరువు కోసం మా అమ్మే గుండెపోటని చెప్పింది. ఎక్కడా అనకు," అంది.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రాగానే భార్య, "తాతగారి సంగతి తెలిసిందా?" అని భయంభయంగా అడిగింది.

"గుండెపోటేనట," అన్నాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.