గోడౌను అరుగు మీద కచేరీ

మిరపకాయల ఘాటు మా గుంటూరు వాళ్లకి తెలియదంటే పైఊళ్ల వాళ్లు నవ్వుతారు. నిజంగానే తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీల్చాం కాబట్టి మా ముక్కులు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి. మా ఊరి సంగీతోత్సవం రెండో ఏడాదికే ఆగిపోబోయింది ఇందువల్లే. ఆగలేదు. అదెలా నిలబడిందో రాయాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. చిన్నప్పుడు జబ్బు చేసి ఒక కాలు చచ్చుబడింది. మా నాన్న మిషన్ బడిలో టీచరు. సాయంత్రం ఇంటికొచ్చి బైబిలు ముందు పెట్టి నాకు అక్షరాలు నేర్పారు. మా అమ్మ హార్మోనియం మీద కీర్తనలు నేర్పింది. అవి ఏ రాగాలో చాలా ఏళ్ల తర్వాత రేడియో వింటుంటే తెలిసింది. పాడుకున్నదాని పేరు అంత ఆలస్యంగా తెలుసుకోవడంలోనూ ఒక సంతోషం ఉంది. అందుకు ఇప్పటికీ దేవుడికి వందనాలు చెప్పుకుంటాను.

మావారు మిరపకాయల కమీషన్ కొట్లో గుమాస్తా. ఆ కొట్టు షావుకారు గారికి సంగీతమంటే ప్రాణం. ఎనభైల మొదట్లో ఆయనకి ఒక ఆశ పుట్టింది. మద్రాసులో డిసెంబరు నెలంతా కచేరీలు జరుగుతుంటే మన ఊళ్లో రెండు రోజులైనా జరగకూడదా అని. అది చాలదన్నట్టు, మన సంగీతం పక్కనే వేరే దేశాల సంగీతం కూడా వినిపించాలన్నారు. దానికోసం వేసిన కమిటీలో ఒక పెద్దమనిషి, "వేరే దేశాల వాళ్లు గుంటూరెందుకొస్తారండీ, గోంగూర పచ్చడి తినడానికా?" అన్నాడట.

"దానికే రానివ్వండి. తిన్నాక పాడించుకుందాం" అన్నారు షావుకారు గారు.

మొదటి ఏడు ఒక బడి ఆవరణలో పందిరి వేశారు. ఆ సాయంత్రమే తుపాను పట్టుకుంది. పందిరి ఒక పక్కకి ఒరిగిపోయింది. వయొలిన్ విద్వాంసుడు తన కండువా వయొలిన్‌కి చుట్టి, తాను తడుస్తూ నిలబడ్డారు. వచ్చినవాళ్లు పాడకుండానే బండెక్కారు. తర్వాత ఊళ్లో ఎగతాళికి లోటు లేదు. "ఏమండీ, ఈ ఏడు మేఘాలతో పాడిస్తున్నారా, మనుషులతోనా?" అని బజార్లో అడిగేవాళ్లు. షావుకారు గారు మావారితో ఒక్క మాటే అన్నారు. "ఈసారీ చెడితే ఇంక వద్దు. నాకూ సిగ్గుంటుంది కదయ్యా."

మావారు ఆ మాట ఇంట్లో చెప్పి ఊరుకున్నారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. అప్పటిదాకా కచేరీ అంటే నాకు రేడియోనే. మనిషి ఎదురుగా కూర్చుని పాడితే ఎలా ఉంటుందో చూడకుండానే అది మూతపడిపోతుందేమోనని భయం.

రెండో ఏడు వాన గొడవ లేకుండా షావుకారు గారి గోడౌన్లోనే పెట్టాలనుకున్నారు. పాత సరుకు వెళ్లిపోయింది, కొత్త కాయ ఇంకా రాలేదు. గోడౌను ఖాళీ. పైపులు పెట్టి కడిగించారు, సున్నం కొట్టించారు, మావిడి తోరణాలు కట్టారు. కింద పరచడానికి ఏమిటి? కొట్లో కావలసినన్ని ఖాళీ టిక్కీలున్నాయి. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపే పెద్ద గోనె సంచి. వాటిని దులిపి, ఎండబెట్టి, ఒకదానికొకటి కలిపి పొడుగాటి తివాచీల్లా కుట్టించారు. చూడటానికి ఎంత బావుందో. కమిటీ వాళ్లు దాని మీద అటూ ఇటూ నడిచి చూసి మురిసిపోయారు. ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, అనుమానం రాలేదు.

కచేరీ సాయంత్రం ఎండ ఉండగానే మొదలైంది. పాడేది మద్రాసు నుంచి వచ్చిన పెద్దావిడ. ఆవిడ తర్వాత ఐరోపా నుంచి వచ్చి మద్రాసులో సంగీతం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి తమ దేశపు చెక్క వేణువు వాయించాలి. గోడౌను నిండిపోయింది. అంతమంది ఒక్కసారి ఆ గోనెల మీద కూర్చుని, సర్దుకుని, పిల్లల్ని ఇటు నుంచి అటు జరిపేసరికి, వాటి పోగుల్లో దాగిన కారమంతా పైకి లేచింది.

పెద్దావిడ శ్రుతి చూసుకుని నోరు తెరిచారు. దగ్గారు. మళ్లీ తెరిచారు. మళ్లీ దగ్గు. మృదంగం ఆయన కళ్ల నుంచి ధారలు. వేణువు అమ్మాయి తుమ్మడం మొదలుపెట్టి ఆపలేక నవ్వేస్తోంది. మేమేమో గొంతు సవరించుకుంటున్నారని ఓపిగ్గా చూస్తున్నాం.

"ఏమైందే ఆవిడకి?" అంది నా పక్కనున్న ముసలావిడ.

"ఘాటంట పెద్దమ్మా" అంది ముందు వరసలోని అమ్మాయి వెనక్కి తిరిగి.

"ఏం ఘాటు? నాకేం లేదే."

"నీకెందుకుంటుంది? నువ్వు పుట్టిందే టిక్కీ మీద."

షావుకారు గారు వేదిక దగ్గరకి వెళ్లి చేతులు జోడించారు. ఆయన ముఖం చూడలేకపోయాను. "అమ్మా, మూడుసార్లు కడిగించానండి" అన్నారు.

"గోడలు కడిగారు నాయనా, గోనెలు కడగలేదు" అన్నారావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "పాడనని అనటం లేదు. గాలి ఆడే చోటు చూపించండి, పాడతాను."

గాలి ఆడే చోటు గుమ్మం బయటే ఉంది. గోడౌను ముందు లారీ ఎత్తున పొడుగాటి అరుగు, టిక్కీలు ఎక్కించడానికి. దాని ముందు లారీలు నిలిచే ఖాళీ స్థలం. విద్వాంసులు అరుగు మీద కూర్చోవచ్చు. జనం ఎక్కడ కూర్చుంటారు? కింద నేలంతా లారీల నూనె మరకలు, కంకర. గోనెలు పరిస్తే మళ్లీ అదే కథ. పెళ్లిళ్ల రోజులు కావడంతో షామియానా కొట్లో ఒక్క చాప కూడా లేదని మనిషి తిరిగొచ్చాడు. పట్టుచీరల వాళ్లు అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు. షావుకారు గారు గుమ్మానికి ఆనుకుని, వెళ్లేవాళ్లని ఆపకుండా చూస్తూ నిలబడ్డారు.

"మా చర్చిలో చాపలున్నాయండి" అన్నాను మావారితో. మా చర్చిలో బెంచీలు లేవు. ఆదివారం అందరం ఈత చాపల మీదే కూర్చుంటాం.

మావారు నా వైపు తిరిగారు. "పాస్టరు అయ్యగారు ఇస్తారంటావా?"

"అడిగితే కదా తెలిసేది."

రిక్షాలో వెళ్లాను. దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. పాస్టరు గారు తమ ఇంటి అరుగు మీద కూర్చుని ఆదివారం ప్రసంగం చూసుకుంటున్నారు. చెప్పింది విన్నారు.

"రాముడి మీద పాడతారు కదమ్మా?"

"పాడతారండి." అబద్ధం ఎందుకు చెప్పడం?

ఆయన ప్రసంగం కాగితాలు మడిచారు. లోపలి నుంచి ఆయన భార్య, మా అమ్మగారు వచ్చారు. "మిరపకాయల గోనెల మీద కూర్చోబెట్టారా? ఏ మహానుభావుడికి తట్టిందమ్మా ఆ ఉపాయం?" అని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకి అయ్యగారికీ నవ్వు ఆగలేదు.

"తీసుకెళ్లండి. ఆదివారానికి మాత్రం వచ్చేయాలి" అన్నారు తాళం చెవి తీస్తూ. నేను మెట్టు దిగుతుంటే వెనక నుంచి, "మాకూ ఒక చాప ఉంచండమ్మా, ముందు వైపు" అన్నారు.

నేను తిరిగొచ్చేసరికి సగం మంది ఇంకా నిలబడే ఉన్నారు. రిక్షాల మీద చుట్టలు చుట్టలుగా చాపలు దిగుతుంటే వెళ్లిపోతున్నవాళ్లు కూడా ఆగారు. మగవాళ్లు కంకర పక్కకి నెట్టారు, ఆడవాళ్లు చాపలు పరిచారు. పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఎదురుగా జనాన్ని చూసి, "ఇప్పుడు అందరూ కనపడుతున్నారు" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ పాడింది వర్ణించే శక్తి నాకు లేదు. మా అమ్మ నేర్పిన కీర్తన నడిచే రాగంలోనే ఆవిడ చాలాసేపు ఉన్నారు. నాకు తెలిసిన ఇంట్లో నేనెప్పుడూ చూడని గదులు ఒక్కొక్కటే తలుపు తీసి చూపించినట్టు ఉంది. వేణువు అమ్మాయి వాయించింది మా ఎవరికీ తెలియని పాట. తాళం ఎక్కడ వేయాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకున్నాం. అది అయ్యాక షావుకారు గారి తల్లి లేచి, "ఇంకోసారి వాయించమనండి, ఈసారి పట్టుకుంటాను" అన్నారు. ఆ అమ్మాయి మళ్లీ వాయించింది. ఆవిడ పట్టుకున్నారు కూడా.

చివర్లో శాలువా కప్పడానికి షావుకారు గారు అరుగెక్కారు. పెద్ద ఉపన్యాసం రాసుకున్నారట. అది చదవలేదు. "వచ్చే ఏడు కూడా ఇక్కడే, ఇలాగే" అని దిగిపోయారు.

శనివారం చాపలు తిరిగి ఇవ్వడానికి మనుషుల్ని పంపుతారనుకున్నాం. షావుకారు గారే వచ్చారు, ఒక చాప చుట్ట భుజాన వేసుకుని. చర్చి గుమ్మం దగ్గర ఆగి, "చెప్పులు విడవాలా అండి?" అని అడిగారు.

"మీ ఇష్టం. మేమైతే విడుస్తాం" అన్నారు అయ్యగారు.

ఆయన విడిచి లోపలికి వచ్చి, చాప దించి, వచ్చే ఏడుకి కూడా చాపలు అక్కడే అడిగేశారు. అయ్యగారు ఒప్పుకున్నారు. "ఊరికే కాదు మరి. మా వాళ్లు కూడా ఒక పాట పాడతారు" అన్నారు.

"ఒకటెందుకండీ? మొదలుపెట్టడమే మీ వాళ్లతో మొదలుపెడదాం."

ఆ దశకంలో ఆ ఉత్సవం ఒక్క ఏడు కూడా ఆగలేదు. ఒక ఏడు హైదరాబాదులో చదువుకుంటున్న ఆఫ్రికా కుర్రాళ్లు వచ్చి వాళ్ల డప్పులు వాయించారు. మరో ఏడు బెంగాలు నుంచి సితారు వచ్చింది. మద్రాసు పెద్దలు కూడా ఇక్కడి గాలి గురించి అడగడం మానేశారు. ఇంత పెద్ద పండగ మా మిరపకాయల బజార్లో జరిగిందంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఆ మూడో ఏడు అరుగు మీద మా చర్చి సంఘం వాళ్లు కూర్చున్నారు, హార్మోనియం నా ముందు. కీర్తన పాడాం. అయిపోయిందనుకుని నేను తిత్తి మూసేశాను. ముందు చాప మీద నుంచి షావుకారు గారి తల్లి అడిగారు.

"ఇంకో చరణం ఉందా అమ్మా?"

"ఉందండి. చాలామంది పాడాలి కదా అని ఆపేశాం."

"వాళ్లు పాడతార్లే. ఆ చరణం కూడా కానివ్వండి."