బావ వేలి కింద మీట

నేను ఇంగ్లీషు అక్షరాలు రెండుసార్లు నేర్చుకున్నాను. మొదటిసారి బడిలో. ఏడో తరగతి దాకా కూర్చున్నా 'బి'కి కడుపు ఏ వైపో, 'డి'కి ఏ వైపో తేలలేదు. రెండోసారి నలభై నాలుగేళ్ళప్పుడు. సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటి నేర్పితే ఆరు వారాల్లో ఇరవై ఆరూ వచ్చేశాయి. మా అయ్యవారి కంటే ఆ డబ్బా గొప్పదని కాదు. దానికి నా ముఖం కనపడదు, అంతే.

ఆ డబ్బా మోర్స్ కోడ్ నేర్పేది. ఒక మీట, ఒక చిన్న తెర, కీచుమనే స్పీకరు. మీటను టక్కున వదిలితే చుక్క, కాస్త ఒత్తి పట్టుకుంటే గీత. చుక్కలూ గీతలూ కలిస్తే ఒక అక్షరం. సరిగ్గా కొడితే ఆ అక్షరం తెర మీద పడుతుంది. ప్రొద్దుటూరులో నాది సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి. విడిభాగాలు తెప్పించుకునేటప్పుడే దీన్నీ తెప్పించాను. పాత ఫోనుకు కొత్త బ్యాటరీ వేసినంత ఖర్చు కూడా కాలేదు. సరదాకు కాదు, కోపంతో తెప్పించాను.

జమ్మలమడుగులో ఉండే మా బావ, అంటే మా అక్క మొగుడు, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి నేసే గుంట మగ్గం మీద ముప్పై ఏళ్ళు చీరలు నేసిన మనిషి. బడి మానేసి గాలికి తిరుగుతున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేత నేర్పింది ఆయనే. నరాల జబ్బు వచ్చి మొదట ఆయన కాళ్ళు పోయాయి, తరువాత చేతులు, ఆ తరువాత మాట. బుద్ధి మాత్రం ఎప్పటిలాగే ఉంది. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే ఆయన చెప్పినట్టు కదులుతుంది.

ఆసుపత్రిలో ఒకామె అక్షరాలు రాసిన అట్ట ఇచ్చింది. ఎవరైనా ఒక్కో అక్షరం మీద పుల్ల పెట్టుకుంటూ పోవాలి. తనకు కావలసింది రాగానే బావ వేలెత్తుతాడు. మంచి ఉపాయమే. చెడగొట్టింది మావాళ్ళు. 'న' దగ్గర వేలెత్తితే చాలు, నీళ్ళా అని చెంచా నోట్లో పెట్టేవాళ్ళు. 'క' అంటే కాఫీ. 'ద' అంటే దుప్పటి, అదీ ఎండాకాలంలో. ఒక ఆదివారం పొద్దంతా పక్కనే కూర్చుని చూశాను. ఆయన చెప్పబోయిన ఒక్క మాటా రెండో అక్షరం దాటలేదు. నాకు ఒళ్ళు మండింది. గేదె అరిచినా అరుపు అయ్యేదాకా ఆగి గడ్డి వేస్తాం గదా, మనిషికి ఆ మాత్రం మర్యాద లేదా అని అక్క మీద ఎగిరాను. రోజూ చేసేది తను, వారానికోసారి వచ్చి అరిచిపోయేది నేను. ఆ మాట ఆమె అనలేదు. అని ఉంటే బాగుండేది. చెంచా కడిగి బోర్లించి లోపలికి పోయింది.

అప్పటికే ఆ ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. వీధి గదిలో మగ్గం, దాని మీద సగం నేసిన చీర, ఏడు నెలలుగా అలాగే ఉన్నాయి. బావ మంచం లోపలి గదిలో, బియ్యం మూటల పక్కన. మగ్గం తీసేసి, గుంట పూడ్చి, అక్కడ మంచం వేద్దామని బావ తమ్ముడు అన్నాడు. అక్క ఏడ్చింది. నేను అక్క పక్షాన నిలబడి ఆ పిల్లవాణ్ణి నలుగురిలో కడిగేశాను. పిల్లవాడంటే ముప్పై ఏడేళ్ళవాడే.

"ఎవురికైనా మనిషి పోయినాక గుంట తీస్తారు. నువ్వేందప్పా, మనిషి ఉండంగానే పూడుస్తాండావు" అన్నాను.

జనం నవ్వారు. వాడి ముఖం నల్లబడింది. "అన్ననే అడుగుదాం మామా, ఆయన యాది చెప్తే అది" అన్నాడు. అడిగాం కూడా. అట్ట మీద బావ 'మ' దగ్గర వేలెత్తాడు. అక్క మందులు తెచ్చింది.

ఆ రాత్రే డబ్బాకు ఆర్డరు పెట్టాను. బావే కొడతాడు. ఏ అక్షరం వస్తుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి ఎవడూ మధ్యలో దూరలేడు. మగ్గం ఉండాలో పోవాలో ఆయనే చెబుతాడు. ఇదీ నా లెక్క. ఉండాలనే చెబుతాడని నాకు అనుమానం కూడా లేదు.

ముందు నేను నేర్చుకోవాలి గదా. గిరాకీ లేనప్పుడల్లా అంగట్లో కూర్చుని కొట్టాను. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెర మీద 'జె', దాని పక్కన 'క్యూ' పడ్డాయి. మళ్ళీ కొట్టాను. మళ్ళీ జె, క్యూ. డబ్బా చెడిపోయిందని విప్పి చూశాను, బాగానే ఉంది. నా అంగడి ముందు ఆగినవాళ్ళంతా ఏందప్పా ఈ పిచ్చుక అని అడుగుతున్నారు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక డబ్బాను రెండు రోజులు గల్లాపెట్టెలో పడేశాను.

పులివెందులలో ఒక రిటైరయిన పెద్దాయన మిద్దె మీద తీగలు కట్టుకుని రేడియోలో దేశదేశాల వాళ్ళతో మోర్స్‌లో మాట్లాడతాడని ఒక గిరాకీ చెప్పాడు. డబ్బా జేబులో వేసుకుని బస్సెక్కాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చేయి బాగుంది, తాళం తప్పడం లేదు, ఏం పని చేసేవాడివని అడిగాడు. నేత అన్నాను. ఆయన నవ్వాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత ఆగాలట. నేను ఆగడం లేదు. అందుకే 'ఎ', 'ఎమ్' అతుక్కుని 'జె' అవుతున్నాయి. ఆ తరువాతి 'ఎమ్', 'ఎ' అతుక్కుని 'క్యూ'.

నాకు అది కూడా కోపమే తెప్పించింది. మగ్గం మీద పోగుకూ పోగుకూ మధ్య సందు పడితే షావుకారు చీరను వెలుతురుకు ఎత్తి చూపించి మజూరీ కోస్తాడు. సందు రానివ్వకుండా కొట్టడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, తొడ మీద బావ గిల్లిన గుర్తులు ఎన్నో. అదంతా పెద్దాయనకు చెప్పాను.

ఆయన తాపీగా, "ఇది కట్టుకునేది కాదప్పా, చదువుకునేది. గమ్మునుండేది గూడా కొట్టినట్టే లెక్క" అన్నాడు.

తిరుగు బస్సులో ప్రొద్దుటూరు దాకా ఆ గమ్మునుండడాన్నే సాధన చేశాను. పక్క సీటాయన నాకు ఆరోగ్యం బాగాలేదనుకున్నాడు.

ఆదివారం ఆదివారం జమ్మలమడుగు పోయి బావకు నాలుగేసి అక్షరాలు నేర్పాను. పాత కంప్యూటర్ మౌస్ విప్పి, అందులోని మీటకు డబ్బా వైర్లు అతికి ఆయన వేలి కింద పెట్టాను. జె, క్యూ కథ చెబితే ఆయన కళ్ళ పక్కన ముడతలు కదిలాయి. నవ్వంటే అదే ఇప్పుడు. ఫోన్లలో రాసినట్టు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకున్నాం. ఆయన నాకంటే ముందు నేర్చుకున్నాడు. వేలు అలసిపోయి దానంతటదే ఆగుతుంది గదా, సందు ఎక్కడ ఇవ్వాలో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

అక్షరాలన్నీ వచ్చిన ఆదివారం అందరినీ లోపలి గదిలోకి పిలిచాను. అక్క, బావ తమ్ముడు, చుట్టుపక్కల నేతవాళ్ళు నలుగురు. మగ్గం సంగతి ఏం చేయమంటావు బావా అని అడిగాను. డబ్బా కీచుమంది. ఎమ్. ఎ. జి. జి. ఎ. ఎమ్.

మగ్గం!

నేను జనం వైపు తిరిగాను. ఆ మనిషికి ప్రాణమంతా అందులో ఉందని, నోటితో అనలేనివాడు మొట్టమొదట పలికిన మాట అదేనని, దాని మీద చెయ్యి వేసేవాడు ముందు నన్ను దాటాలని అందుకున్నాను. గుంట మీద నా పాత ఎత్తిపొడుపు కూడా ఇంకోసారి విసిరాను. నేను అందుకుంటే ఎంతసేపో మా ఊరివాళ్ళకు తెలుసు. వెనక డబ్బా కీచుకీచుమంటూనే ఉంది. నా మాటకు అడ్డం వస్తోందని చెయ్యి వెనక్కు చాచి దాని శబ్దం తగ్గించాను. ఆ పని నేనే చేశాను, ఈ చేత్తోనే.

బావ తమ్ముడు నన్ను చూడడం లేదు, తెరను చూస్తున్నాడు. "మామా, అన్న ఇంగా కొడతాండాడు" అన్నాడు మెల్లగా.

తిరిగి చదివాను. మగ్గం తీయండి. ఈడ గాలి ల్యాదు. వీధి చూడాల.

ఇన్ని నెలలు బియ్యం మూటల పక్కన పెట్టి, ఆయన కోసమని ఆయనకు కిటికీ లేకుండా చేశాం. అట్ట మీద ఆయన చూపిన ఆ 'మ' కూడా ఇదే అయి ఉంటుంది.

"నీకోసమే గదా రోజూ దాన్ని తుడుస్తాండేది" అంది అక్క ఆయనతో. తరువాత తనే కత్తెర తెచ్చి, ఎవరినీ ముట్టనివ్వకుండా, సగం చీరను మగ్గం మీద నుంచి కోసేసింది. గుంట పూడ్చడానికి మట్టి తట్టలు మోసింది నేను. బావ తమ్ముడు సాయం వస్తానంటే రానివ్వలేదు. వాడికి క్షమాపణ చెప్పే ముఖం లేక మట్టి మోశాను, అంతే.

తరువాతి ఆదివారానికి మంచం వీధి గుమ్మం పక్కన ఉంది. బావ పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ చూస్తున్నాడు. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు, ఎవరి మీద అన్నది మారిందంతే, ఇప్పుడది నా మీదే. పక్కన కూర్చుని మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళ మగ్గం గదా బావా, నాకు యాడ తెలుసు, నువ్వు బాధపడతావనే గదా, పెద్దోళ్ళంతా ఉంటే నేను కల్పించుకోకపోతే ఎట్లా అని. ఆయన వేలు కదిలింది. నేను ఇంకో రెండు ముక్కలు చెప్పి, అప్పుడు ఆపాను. శానాసేపు కొట్టాడు. నేను కదలకుండా చివరి అక్షరం దాకా చదివాను.

"నాకు మాట పోయింది, సరే. నీకు చెవులు ఎప్పుడు పోయినాయప్పా?"