విరుగుడు సూది వేశాక తమ్ముడు అన్న మాట

నేను బయాలజీ టీచర్ని. దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు పిల్లలెవరైనా ఎత్తితే అక్కడికక్కడే కొట్టిపారేసే రకం. చనిపోయినవాళ్లు కలలోకి వచ్చారని చుట్టాలెవరైనా చెబితే, పడుకునే ముందు ఏం తిన్నావని అడిగేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మా అమ్మ ఎముకల క్యాన్సర్‌తో పోయింది. కమలాపురంలో తమ్ముడి దగ్గరే ఉండేది. నేను కడపలో ఉంటాను, ఆదివారాలు వెళ్లి చూసి వచ్చేదాన్ని. అమ్మకు మందులు మింగించడం, పక్క మార్చడం, తల దువ్వడం అన్నీ తమ్ముడే చేసేవాడు. "కొడుకంటే అట్లుండాల" అని ఊళ్లో అందరూ అనేవాళ్లు. నేనూ అదే అనుకునేదాన్ని. నా తోటి టీచర్లతో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

నొప్పికి డాక్టర్లు మార్ఫిన్ మాత్రలు రాశారు. మొదట్లో బాగానే పనిచేశాయి. చివరి నెలల్లో ఏమీ పనిచేయలేదు. అమ్మ ఎడమ తుంటి పట్టుకుని, పళ్లు బిగించి మూలిగేది. మోతాదు పెంచారు. అయినా అంతే. జబ్బు ముదిరిందనుకున్నాం.

అమ్మ రెండో మాసికం నాడు భోజనాలయ్యాక తమ్ముడు గదిలోకి వెళ్లి పడుకున్నాడు. కాసేపటికి మరదలు కేక పెట్టింది. వెళ్లి చూస్తే వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. గొంతులో గురకలాంటి శబ్దం, ఆ తర్వాత చాలాసేపు ఊపిరే లేదు. కారులో వేసుకుని కడపలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు కనురెప్పలు ఎత్తి చూశాడు. కంటిపాపలు ఆవగింజల్లా ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఏం మాత్రలు మింగినాడమ్మా?"

"ఏమీ మింగల్యా సార్. వానికి ఏ అలవాటూ లేదు," అన్నాను. ఒట్టు వేసినంత గట్టిగా అన్నాను.

ఆయన నా మాట పట్టించుకోలేదు. నాలోక్సోన్ అనే సూది వేయించాడు. కంటిపాపలు అలా ముడుచుకుపోయేలా చేసే మత్తుమందులకు అది విరుగుడు.

కాసేపట్లోనే తమ్ముడు నీళ్లలోంచి తల ఎత్తినవాడిలా ఊపిరి లాగాడు. నేను దేవుడికి దండం పెట్టుకునేలోపే వాంతి అయ్యింది. ఒళ్లంతా చెమట, వణుకు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పట్టుకోబోయిన నర్సు చెయ్యి విదిలించి కొట్టాడు. "నన్నెందుకు లేపినారు?" అని అరిచాడు.

డాక్టరు కంగారు పడలేదు. "ఈ మందుతో ఇట్లా అయితాదమ్మా. మత్తు ఒక్కసారిగా దిగిపోతాది. అలవాటు పడిన ఒళ్లయితే ఇట్లే తిరగబడతాది," అన్నాడు.

అలవాటు పడిన ఒళ్లు. ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు.

ఇంతలో తమ్ముడు అరుపు ఆపి, ఎడమ తుంటి పట్టుకుని నా వైపు చూశాడు. గొంతు వాడిదే. మాట మాత్రం నీరసంగా, మెత్తగా వచ్చింది.

"పెద్దపాపా, నన్ను గోడ పక్కకు తిప్పు. చిన్నోడు వస్తాండాడు. నేను ఏడ్సేది సూస్తే వాడు తట్టుకోల్యాడు."

నన్ను పెద్దపాపా అని పిలిచేది అమ్మ ఒక్కతే. చిన్నోడంటే తమ్ముడే. అమ్మ పోవడానికి కొన్నాళ్ల ముందు, నేను సెలవు పెట్టి ఆమె దగ్గరున్న రోజు, నా చెవిలో సరిగ్గా ఈ మాటలే అంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. తమ్ముడి బండి శబ్దం ఇంకా వీధి మొదట్లోనే వినిపిస్తోంది. నేను అమ్మను గోడ వైపు తిప్పాను. ఆ సంగతి ఎవరికీ, నా భర్తకు కూడా చెప్పలేదు.

కాసేపటికి తమ్ముడు మళ్లీ మత్తులోకి జారాడు. మాత్రల కంటే విరుగుడు బలం ముందే తగ్గిపోతుందట. మళ్లీ సూది వేశారు. మళ్లీ వాంతి, వణుకు. ఈసారి "అక్కా" అనే పిలిచాడు.

మర్నాడు తేరుకున్నాక మొత్తం చెప్పాడు. బండి మీంచి పడి నడుముకు దెబ్బ తగిలినప్పుడు అమ్మ మాత్ర ఒకటి మింగాడు. తర్వాత ఆపలేకపోయాడు. అమ్మకు వాటి బదులు అలాంటివే తెల్లటి కాల్షియం మాత్రలు మింగించాడు. ఆమె పోయాక మిగిలినవి దాచుకుని కొద్దికొద్దిగా వాడాడు. మాసికం నాడు దుఃఖం ఆగక గుప్పెడు మింగాడు.

"అమ్మ మూలుగుతాంటే నువ్వు యాడ పండుకున్నావురా?" అని అడిగాను.

"పక్కనేక్కా," అన్నాడు.

వాడు అన్న మాటల గురించి డాక్టరును అడిగాను. తప్పు చేశానన్న బాధ లోపల ఉంటే ఆ గందరగోళంలో అలా బయటికి రావచ్చన్నాడు. తుంటి పట్టుకోవడం కూడా ఆ మందు వల్ల వచ్చే ఒళ్లు నొప్పులకేనన్నాడు. అన్నీ ఒప్పుకున్నాను. కానీ అమ్మ నా చెవిలో చెప్పిన మాట వాడికెలా తెలిసింది? సూది తర్వాత తనేమన్నాడో తమ్ముడికి గుర్తే లేదు. నేనూ వాడికి చెప్పలేదు.

ఇప్పుడు వాడు చికిత్స తీసుకుంటున్నాడు. మరదలు ఫోన్ చేసి చెబుతూ ఉంటుంది. నేను కమలాపురం వెళ్లి చాలా కాలమైంది.

ఆ రోజు ఆ మంచం మీద మాట్లాడిందెవరో నాకు తెలియదు. అమ్మకు మాత్రలు మారిన సంగతి తెలుసేమో, తెలిసే, వాడి కోసం గోడ వైపు మొహం తిప్పుకుందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అదే నిజమైతే, నాకు ఒక్క ముక్క కూడా చెప్పకుండా వాళ్లిద్దరూ నన్ను బయటే నిలబెట్టారు.